నవ్వు మాత్రం టైపు కాలేదు

హలో, హలో... వినపడుతోందా? ఆ, ఇప్పుడు వినపడుతోంది. అందరూ కులాసానే కదా? తిన్నారా? చేతిలో పని ఉంటే ఆపకండి, చేసుకుంటూనే వినండి. ఈ కథలో ఆవిడ కూడా పని చేసుకుంటూనే కథలు రాసేది. అలా రాయబట్టే ఇదంతా జరిగింది. మీరు కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

ఆవిడ గిన్నెలు తోముతోంది. సింకు పైన అరలో ఉప్పు డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టింది. తెర మీద చిన్న మైకు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. చేతులు మోచేతుల దాకా నురగ. నోరొక్కటే ఖాళీగా ఉంది కదా అని దాంతో కథ చెబుతోంది.

“నిమిషమ్మ చిటికె వేసింది ఫుల్‌స్టాప్. ఊరంతా ఆగిపోయింది ఫుల్‌స్టాప్. కూలబోతున్న వంతెన గాలిలోనే నిలబడింది కామా దాని మీద బస్సు కూడా నిలబడింది ఫుల్‌స్టాప్.”

హాల్లోంచి అత్తగారి కేక వినపడింది. “ఏమ్మాయ్, మళ్ళీ గిన్నెలతో మాట్లాడుతున్నావా? వంతెన ఎక్కడ కూలిందీ?”

“టీవీలో అత్తయ్యా.”

“టీవీ నా ముందుంటేనూ!”

ఆవిడ నాలిక కరుచుకుని గొంతు తగ్గించింది. ఫోను మాత్రం తన పని తాను చేసుకుపోయింది. “టీవీ నా ముందుంటేనూ” అని కూడా వంతెన పక్కనే అచ్చుగుద్దినట్టు రాసిపెట్టింది.

ఆ ఫోనుకి ఎవరేమిటో తెలీదు. ఎవరి మాట దాని చెవిన పడితే ఆ మాట రాసేసుకుంటుంది, ఫుల్‌స్టాప్ అని చెప్పకపోయినా ఆగినచోట తనే చుక్క పెట్టేస్తుంది. ఒకసారి ఇలాగే, నిమిషమ్మ బాంబు ముందు మోకాళ్ళ మీద కూర్చున్న ఘట్టం చెబుతుంటే అత్తగారు వెనకనించి “గ్యాస్ కట్టెయ్యవే, పేలిపోగలదు” అంది. అది అలాగే కథలోకి వెళ్ళిపోయింది. కథల యాప్‌లో చదివినవాళ్ళు పొంగిపోయారు. “ఆ ఆజ్ఞ ఇచ్చిన రహస్య గురువు ఎవరు? త్వరగా చెప్పండి” అని ఒకటే గోల. అప్పట్నించీ ఆవిడ జాగ్రత్తపడింది. పొద్దున నోటితో చెప్పింది మధ్యాహ్నం అన్నం తినే వేళ చదువుకుని, ఇంటి మాటలన్నీ ఏరేసి, అప్పుడు గానీ యాప్‌లో పెట్టేది కాదు.

ఆవిడ పని చేసేది డ్రైక్లీనింగ్ షాపులో, కౌంటరు దగ్గర. వచ్చిన బట్టలు తీసుకోవాలి. జేబులు వెతకాలి. మరక ఎక్కడుందో వెలుతురుకి పట్టి చూసి, దాని చుట్టూ సుద్దతో గీత గీయాలి. కాలరు లోపల నంబరు చీటీ పిన్నుతో గుచ్చాలి. మరక పోకపోతే తిట్లు ఆవిడకి. పోతే థాంక్సు ఓనరుకి. వచ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ మొహం మీదే “ఎవరూ లేరా?” అని అడుగుతారు. అందుకేనేమో, కథలకి పేరు పెట్టుకోమని యాప్ అడిగినప్పుడు ఆవిడ ‘మరక’ అని పెట్టుకుంది.

ఇక సూపర్‌హీరో సినిమాల సంగతి. అవంటే వాళ్ళాయనకి పిచ్చి అని అందరికీ తెలుసు. హాల్లో అద్దాల బీరువా నిండా ఆయన చిన్నప్పట్నించీ కొనిపెట్టుకున్న బొమ్మలు, ముసుగులు వేసుకున్నవీ, రెక్కలున్నవీ. వాటి చంకల్లో దుమ్ము తుడిచేది ఆవిడ. కొత్త సినిమా వస్తే ఆయన, కూతురు కలిసి వెళ్తారు. కూతురు కాలేజీలో చదువుతోంది. “నీకేం అర్థమవుతుందోయ్, సగంలో నిద్రపోతావు” అంటాడాయన. నిద్రపోయిన మాట నిజమే, ఒకే ఒక్కసారి, అదీ జ్వరంతో. ఆ ఒక్క నిద్రా ఆవిడ నుదుటి మీద రాసేశారు.

ఆవిడకున్న పిచ్చి ఎవరికీ తెలీదు. ఆ సినిమాలన్నీ ఆవిడ బస్సులో, ఫోనులో, ముక్కలు ముక్కలుగా చూసేసింది. చూస్తూ ఎన్ని ఆలోచించేదో! ఆ హీరో మంటల్లో దూకుతాడు, బురదలో దొర్లుతాడు, రక్తం కారుతుంది, మర్నాటి సీనుకి ఒంటి మీది అంగరఖా తళతళలాడుతూ ఉంటుంది. మసి మరక అంత తేలిగ్గా పోదని, రక్తం మీద వేడినీళ్ళు పోస్తే ఇక జన్మలో పోదని కౌంటర్లో నిలబడే ఆవిడకి తెలుసు. మరి ఉతికిందెవరు? ఊళ్ళో అద్దాల మేడలన్నీ పగిలిపోయాక ఆ గాజుపెంకులు ఊడ్చిందెవరు? ఆడ సూపర్‌హీరోలయితే మరీ విడ్డూరం, జుట్టు విరబోసుకుని యుద్ధానికి వెళ్తారు. జుట్టు ముడెయ్యకుండా ఎవరైనా పనిలోకి దిగుతారా? ఇన్ని వంకలు పెట్టినా ఆవిడకి ఆ సినిమాల్లో ఒక్క చోటంటే ప్రాణం. హీరో మామూలు బట్టల్లో, మామూలు ఆఫీసులో ఉంటాడు. పై అధికారి అందరి ముందూ కేకలేస్తాడు. కొండని పిండి చెయ్యగలిగినవాడు తల దించుకుని “సారీ సార్” అంటాడు. ఆ సీను వస్తే ఆయన పాప్‌కార్న్ కోసం లేచిపోతాడట, బోరు అని. ఆవిడకేమో బస్సులో అందరి మధ్యా కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి. ఎందుకో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సీనులోంచే పుట్టింది నిమిషమ్మ. నిమిషమ్మకున్న శక్తి ఒక్కటే. చిటికె వేస్తే లోకమంతా ఒక నిమిషం ఆగిపోతుంది. ఆ నిమిషంలో నిమిషమ్మ ఒక్కతే కదులుతుంది. పడబోయే పిల్లాణ్ణి పట్టుకుంటుంది, తెగిన తీగ ముడేస్తుంది, బస్సుని పక్కకి నెడుతుంది. నిమిషం అయిపోగానే లోకం మళ్ళీ కదులుతుంది. ఏమీ జరగలేదనుకుంటుంది. అన్నీ వాటంతట అవే సర్దుకున్నాయనుకుంటుంది. ఎవరూ చూడరు. అదే ఆ కథ అందం అని చదివేవాళ్ళు తెగ మెచ్చుకునేవాళ్ళు.

ఒక్క లోటు మాత్రం అందరూ చెప్పేవాళ్ళు. “మరకగారూ, మీ నిమిషమ్మ బంగారం. మీ విలన్లే కార్టూన్లు.” అది నిజమే. ఆవిడ విలన్లు కొమ్ములు పెట్టుకునేవాళ్ళు, హహ్హహ్హ అని నవ్వేవాళ్ళు, లోకాన్ని ఏలతామనేవాళ్ళు. చెడ్డవాడు ఎలా మాట్లాడతాడో ఆవిడకి ఎంత ఆలోచించినా తట్టేది కాదు. నాకు చెడ్డవాళ్ళెవరూ తెలీదు కదా, ఎలా రాస్తాను అనుకునేది. నిజంగానే అలా అనుకునేదండీ.

ఒకరోజు పొద్దున ఇలాగే సింకు దగ్గర నిలబడి పెద్ద ఘట్టం మొదలుపెట్టింది. నిమిషమ్మ ఇనుపదొర గుహలోకి వెళ్ళింది. ఇనుపదొర అంటే యంత్రాల సైన్యం ఉన్న విలను. అక్కడో బాంబు ఉంది, దాన్ని విప్పాలి. “అప్పుడు చీకట్లోంచి ఒక గొంతు వినపడింది ఫుల్‌స్టాప్” అంది. అని ఆగింది. ఇనుపదొర ఏమని గర్జించాలా అని ఆలోచిస్తూ గరిట తోముతోంది.

ఆయన మంచినీళ్ళ సీసా కోసం వంటింట్లోకి వచ్చాడు. మంచి హుషారుగా ఉన్నాడు. ముందురోజు ఆవిడ, అక్కకి ఒంట్లో బాగోలేదు, రెండ్రోజులు వెళ్ళొస్తానని అడిగింది. దాని గురించే మాట్లాడి, నవ్వి, సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. వెనకే అత్తగారు సింకులో కంచం వెయ్యడానికి వచ్చి, కోడలి మొహం చూసి తనూ ఓ మాట అని వెళ్ళింది. రోజూ ఉండేదే. ఆవిడకి ఆ క్షణాన ఏమీ అనిపించలేదు. చేతులు నురగలో ఉన్నాయి, మైకు ఆపలేదు. మధ్యాహ్నం ఏరేద్దాంలే అనుకుని కథలో వదిలేసిన చోటే అందుకుంది.

“నిమిషమ్మ ఏమీ అనలేదు ఫుల్‌స్టాప్. తల వంచుకుని తన పనిలో పడింది ఫుల్‌స్టాప్.”

ఆ రోజు షాపులో హోటల్ వాళ్ళ కర్టెన్లు వచ్చిపడ్డాయి. గుట్టలు. అన్నం డబ్బా తెరవడానికే తీరలేదు. సాయంత్రం బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఉంటే, “ఈరోజు ఎపిసోడ్ ఏది?” అని ఫోను మోగుతూనే ఉంది. సరే, ఇవాళ్టికి ఇలా పోనీ అనుకుని, చదవకుండానే పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, ఎడమచేత్తో ఫోను చూసింది. ఎప్పుడూ లేనన్ని కామెంట్లు.

“ఒళ్ళు జలదరించింది.”

“ఇదీ విలనంటే! అరవడు, కొట్టడు, ఆయుధం లేదు. మాటలతోనే గొంతు నులిమేస్తున్నాడు.”

“రాత్రంతా ఆ గొంతే చెవిలో. ఇలాంటి రాక్షసుణ్ణి ఎక్కడ పట్టుకొచ్చారు మరకగారూ?”

“వాడొక ఎత్తు. ఆ ముసలి మంత్రగత్తె ఇంకో ఎత్తు. ఒక్క మాట అంది, ప్రాణం పోయింది.”

ఆవిడకి అర్థం కాలేదు. ఇనుపదొర చేత నేనింకా ఒక్క మాటైనా అనిపించలేదే! మంత్రగత్తె ఎవరు? నా కథలో మంత్రగత్తే లేదు. వేరేవాళ్ళ కథ కింద పెట్టాల్సినవి నా కింద పెట్టేశారేమో అనుకుంటూ, తన ఎపిసోడే తెరిచింది. వంతెన దాటింది, గుహ వచ్చింది. అక్కడ ఇలా ఉంది.

“అప్పుడు చీకట్లోంచి ఒక గొంతు వినపడింది.

ఏంటి మొహం అలా పెట్టావు. నిన్ను ఇక్కడ ఎవరైనా కట్టేశారా. తలుపు తీసే ఉంది. వెళ్ళు. వెళ్ళి చూడు ఎక్కడిదాకా వెళ్తావో. మీ అక్కకి నేను ఫోన్ చేసి చెప్పేశాను నువ్వు రావని. నీ తరఫున నేను మాట్లాడుతుంటే నీకెందుకు శ్రమ. నీకేం కావాలో నీకన్నా నాకే బాగా తెలుసు. నువ్వు లేకపోతే ఇక్కడ అన్నీ ఆగిపోతాయనుకుంటున్నావా. ఏదీ ఆగదు. నువ్వు చేసేదేముంది. అన్నీ మెషిన్లే చేస్తున్నాయి. నవ్వు. నవ్వితే ఏం పోతుంది. నవ్వమంటున్నానా. ఆ. అలాగ.

అలవాటైపోతుందమ్మాయ్. మొదట్లో నాకూ ఇలాగే ఉండేది. ఇప్పుడు ఏమీ అనిపించదు.

నిమిషమ్మ ఏమీ అనలేదు. తల వంచుకుని తన పనిలో పడింది.”

అంతే. ఇంకొక్క అక్షరం లేదు. ఎవరూ కలపలేదు, ఎవరూ తీసెయ్యలేదు.

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లోపల గదిలో ఆవిరి ఇస్త్రీ బుస్సుమంటూనే ఉంది, ఆవిడ చెవికి మాత్రం ఆ చప్పుడు ఎక్కడో నీళ్ళడుగున వినిపించినట్టుంది. మళ్ళీ చదివింది. ఇవి ఆయన మాటలే. చల్లటి సీసా నా మెడకి తగిలించి, నేను ఉలిక్కిపడితే ‘నవ్వు, నవ్వితే ఏం పోతుంది’ అన్నాడు. సరదాగా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను కదా? ‘ఆ, అలాగ’ అన్నాడు. ఆయన కళ్ళు చిట్లించి నవ్వే ఆ నవ్వు ఏదీ ఇందులో? లేదు. ఫోను మాటలు రాసుకుంది. నవ్వు రాసుకోలేదు. ఆ నవ్వు తీసేస్తే మిగిలింది ఇదా? ఇన్నేళ్ళూ నా చెవికి నవ్వు వినపడిందా, మాటలు వినపడలేదా? అక్క నంబరుకి ఆయన ఫోన్ చేశాడు. నన్నడగకుండా నేను రానని చెప్పాడు. నిన్న ఆ మాట నా పక్కనే నిలబడి చెబితే నేను ఏం చేశాను? గరిట తోమాను. ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఎవరో ఇది చదివి రాత్రి నిద్రపోలేదట. నేను నిద్రపోయాను. హాయిగా నిద్రపోయాను!

“ఏంటే, మొహం పాలిపోయింది?” అంటూ గుండీలక్క వచ్చి పక్కన కూర్చుంది. ఊడిన గుండీలు కుట్టే పని ఆవిడది, అందరూ అలాగే పిలుస్తారు. మరక ఎవరో తెలిసింది లోకంలో గుండీలక్క ఒక్కదానికే. “నిన్నటిది చదివాన్లే. ఆ విలను ఎవడే బాబూ! నాకైతే నవ్వొచ్చింది. ‘నీకేం కావాలో నీకన్నా నాకే బాగా తెలుసు’ అంటాడు చూడు, అచ్చం మా ఆయన...”

గుండీలక్క నవ్వబోయి ఆగిపోయింది. జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి చేతిలో పట్టుకుంది.

“అచ్చం మా ఆయనే,” అంది, ఈసారి వేరే గొంతుతో. “నువ్వెలా రాశావే ఇది?”

“నేను రాయలేదక్కా,” అంది ఆవిడ. “నేను విన్నానంతే. అదీ ఇవాళే.”

దాన్ని తీసెయ్యాలా ఉంచాలా అన్నదే ఆవిడ మెదడులో తిరుగుతోంది. ఎపిసోడ్ పక్కన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది, ఒక్క వేలు చాలు. ఇంటికెళ్ళాక తీసేద్దాం అనుకుంది. ఇల్లు గుట్టు, ఎవరికైనా తెలిస్తే ఎంత పరువు తక్కువ అనుకుంది. చూశారా, అప్పుడు కూడా పరువు ఎవరికి పోతుందని భయపడిందో!

ఇంటికెళ్ళేసరికి ఆయన కాళ్ళు చాపుకుని సోఫాలో ఉన్నాడు. చేతిలో ఫోను. ఎదురుగా కూతురు, పక్కన అత్తగారు.

“రావోయ్ రా. నువ్వు కూడా విను. మా ఆఫీసు గ్రూపులో ఎవడో పంపాడు. నిమిషమ్మ అట, సూపర్‌హీరో కథ. పేరు నాటుగా ఉంది గానీ, ఆ మరక అనేవాడెవడో మొనగాడు! విలనంటే ఇలా ఉండాలి.”

ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. సినిమాల్లో ముసుగు వెనకనించి వచ్చే గొంతు ఉంటుంది కదా, బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టు, ఆ గొంతు పెట్టాడు. పెట్టి చదివాడు.

“నిన్ను... ఇక్కడ... ఎవరైనా కట్టేశారా? తలుపు... తీసే... ఉంది.”

ఆవిడ వీపు గోడకి తగిలింది. ఆయన చదువుతూనే ఉన్నాడు. తన మాటలే, నిన్న పొద్దున అన్నవే, వరస తప్పకుండా చదువుతున్నాడు. ఎక్కడైనా తడబడతాడేమో, ఎక్కడైనా ఆగి ‘అరే’ అంటాడేమో అని ఆవిడ ఆయన మొహమే చూస్తోంది. లేదు. మెచ్చుకోలుతో ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. “మీ అక్కకి నేను ఫోన్ చేసి చెప్పేశాను అంటాడు, చూశారా దెబ్బ! హీరోయిన్‌కి ఉన్న ఒక్క దారీ కట్! ఏం బుర్రండీ బాబూ! తర్వాత ఎపిసోడ్లో వీణ్ణి ఎలా చంపుతుందో చూడాలి. మామూలుగా చంపకూడదు వీణ్ణి.”

“ఆపరా, భయమేస్తోంది,” అంది అత్తగారు.

“ఇంకా ఉందమ్మా. ముసలి మంత్రగత్తె ఒకతి వస్తుంది, అది ఇంకా అదుర్సు.” ఇప్పుడు గొంతు సన్నగా, గీరినట్టు పెట్టాడు. “అలవాటైపోతుందమ్మాయ్... మొదట్లో నాకూ ఇలాగే ఉండేది... ఇప్పుడు ఏమీ అనిపించదు.”

అత్తగారి చేతిలో రిమోటు జారి ఒళ్ళో పడింది. పెద్దావిడ కొడుకు వంక చూడలేదు. నెమ్మదిగా తల తిప్పి, గోడకి ఆనుకుని నిలబడ్డ కోడలి వంక చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆయన తన మాటల్ని గుర్తుపట్టలేదు గానీ, పెద్దావిడ తన మాటని గుర్తుపట్టేసింది.

తర్వాత వంటింట్లోకి వచ్చింది అత్తగారు. పని ఏమీ లేకపోయినా గ్లాసులు అటూ ఇటూ జరిపింది. “ఆ మాట నాది కాదమ్మాయ్,” అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. “మా అత్తగారు నాతో అంది. ధైర్యం చెప్పిందనుకున్నాను. నేనూ నీకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను.” తర్వాత గ్లాసు బోర్లించి, “ఆ పిల్ల ఏమంటుంది తర్వాత? ఆ నిమిషమ్మ?” అని అడిగింది.

“తెలీదత్తయ్యా.”

“ఏదో ఒకటి అనిపించు,” అని వెళ్ళిపోయింది.

ఇంతవరకూ తగిలింది ఒక దెబ్బ. అసలు దెబ్బ కూతురు కొట్టింది. ఆవిడ బట్టలు మడతపెడుతుంటే పిల్ల పక్కన మంచం మీద బోర్లా పడుకుని, ఆ ఎపిసోడే మళ్ళీ చదువుతోంది.

“అమ్మా, నాకొకటి అర్థం కావట్లేదు. అందరూ ఈ విలన్ని చూసి ఎందుకింత భయపడుతున్నారు? మా క్లాసులో కూడా ఇదే గోల. వాడేమన్నాడని? మామూలుగానే మాట్లాడుతున్నాడు కదా!”

ఆవిడ చేతుల్లో చొక్కా ఆగిపోయింది. “మామూలుగానా?”

“మరి? ఇంట్లో ఎవరైనా ఇలాగే మాట్లాడతారు. ఇందులో విలనిజం ఏముంది? నాతో ఒకడు రోజూ ఇలాగే మాట్లాడతాడు. నీకేం తెలీదు నేను చూసుకుంటాలే అంటాడు. కేరింగ్ అమ్మా అది.”

పిల్ల చాలా హాయిగా అంది ఆ మాట. అని, కాళ్ళు ఊపుకుంటూ ఏదో పాట అందుకుంది. ఆవిడకి మాత్రం భయమేసింది. నాతో ఒకడు, అంది. ఎవడో ఒకడు ఉన్నాడన్నందుకు కాదు ఆ భయం. కామెంట్లు పెట్టిన అన్ని వందల మందికీ వెన్నులో చలి పుట్టించిన మాటలు నా కూతురికి మామూలుగా వినిపించాయి. పుట్టినప్పట్నించీ అదే చప్పుడులో పెరిగింది. ఫ్యాను చప్పుడులాగా. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఎవరికి వినపడుతుంది? దీనికి చెవి మూసింది ఆయనొక్కడేనా? పక్కన నిలబడి, తల వంచుకుని, ప్రతిసారీ నవ్వింది నేను కాదూ? ఊళ్ళో వంతెనలన్నీ నిలబెట్టాను. పడబోయే ప్రతి పిల్లనీ పట్టుకున్నాను. నా పిల్ల నా కళ్ళముందే పడుతోంటే దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాను.

చెత్తబుట్ట బొమ్మ జోలికి వెళ్ళలేదు ఆవిడ.

తర్వాతి ఎపిసోడ్ కూడా కదల్లేదు. “నిమిషమ్మ ఎందుకు ఏమీ అనలేదు?” అని అడుగుతూనే ఉన్నారు జనం. ఆవిడ రోజూ మైకు నొక్కి “నిమిషమ్మ అంది కామా” అనేది. అక్కడ ఆగిపోయేది. ఆ కామా తర్వాత ఏముంటుంది? సినిమాల్లో అయితే ఈపాటికి పిడుగులు పడతాయి, మేడలు కూలతాయి, విలను మంటల్లో పడతాడు. కానీ ఈ విలను తువ్వాలు అడుగుతాడే! జ్వరం వస్తే మాత్ర తెచ్చిస్తాడే! వీణ్ణి ఎక్కణ్ణించి తోసెయ్యాలి? ఆవిడకి ఎవర్నీ చంపాలని లేదు. ఒక్క మాట కావాలి. ఆ మాట తన నోటికి ఎప్పుడూ రాలేదు, నిమిషమ్మ నోటికి ఎక్కణ్ణించి తెస్తుంది?

ఆదివారం వచ్చింది. కొత్త సూపర్‌హీరో సినిమా కూడా వచ్చింది. ఆయన, కూతురు పొద్దున ఆటకి తయారవుతున్నారు. ఆవిడ భోజనాల బల్ల మీద ఉతికిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. మంచినీళ్ళ కూజాకి ఆనించి ఫోను పెట్టింది. ఎర్ర దీపం వెలుగుతోంది. “నిమిషమ్మ అంది కామా” దగ్గర ఆగి ఉంది.

“నేనూ వస్తానండీ సినిమాకి,” అంది.

ఆయన దువ్వెన ఆపి, కూతురి వంక చూసి కన్ను గీటాడు. “విన్నావుటే? మీ అమ్మ సూపర్‌హీరో సినిమాకి వస్తుందిట!” అని పకపకా నవ్వాడు. “నీకెందుకోయ్ అవన్నీ? నీకు అర్థం కావు. నాకు తెలీదూ నీ సంగతి? ఇంట్లో మా అమ్మ ఒక్కతే అవుతుంది. మేం వచ్చి కథ చెప్తాంలే, నువ్వు వంట చేసి ఉంచు. నువ్వు రాకపోతే సినిమా ఏమైనా ఆగిపోతుందా?”

కూతురు కూడా కిలకిలా నవ్వింది. ఆవిడ మాత్రం ఈసారి నవ్వలేదు. ఆయన నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు అక్షరాలై తెర మీద వరసకట్టడం చూస్తోంది. ఆయన నవ్వు ఇల్లంతా మోగింది. తెర మీదికి ఒక్క చుక్క రాలేదు.

“ఇంకోసారి అనండి,” అంది.

“ఏంటీ?”

“చివరి మాట సరిగ్గా పడలేదు. ‘నువ్వు రాకపోతే సినిమా’ దాకానే పడింది.”

ఆవిడ ఫోను ఆయనవైపు తిప్పింది. ఆయన నవ్వుమొహంతోనే వంగి చూశాడు. పైన ‘నిమిషమ్మ’ అని ఉంది. పక్కన ‘రచన: మరక’ అని ఉంది. కింద తన మాటలున్నాయి, ఇంకా తడి ఆరనట్టు.

“ఇది... ఆ మరక... నువ్వా?”

ఆవిడ తల ఊపింది. ఆయన బొటనవేలు తెర మీద కదిలింది. వెనక్కి, ఇంకా వెనక్కి, గుహ దగ్గరికి. పెదాలు కదుపుతూ చదివాడు. బావిలోంచి వచ్చే గొంతు లేదు ఈసారి, సొంత గొంతుతోనే చదివాడు. “మీ అక్కకి... నేను ఫోన్ చేసి...” అక్కడ ఆగిపోయాడు. దువ్వెన పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. అత్తగారు టీవీ కట్టేసింది.

“అన్యాయం ఇది,” అన్నాడు. “నేను... నేను నవ్వుతూ అన్నాను! నువ్వూ నవ్వావు! నన్ను తీసుకెళ్ళి విలన్ని చేస్తావా? అంతమంది చదివారు! నేనేమన్నానే అసలు? మామూలుగానే కదా అన్నాను!”

చెప్పులేసుకుంటున్న కూతురు చటుక్కున తలెత్తింది. మంచం మీద బోర్లా పడుకుని తను అన్న మాటే తండ్రి నోట్లోంచి వచ్చింది. పిల్ల తండ్రి చేతిలో ఉన్న ఫోను వంక చూసింది, తండ్రి మొహం చూసింది, తల్లి మొహం చూసింది. వేసుకుంటున్న చెప్పు అక్కడే వదిలేసింది.

ఆవిడ చేతిలో ఉన్న బట్ట బల్ల మీద వదిలేసి, కూతురివైపు తిరిగింది.

“విన్నావుగా. మామూలుగానే అన్నారట. అందుకే ఇన్నేళ్ళూ నాకూ వినపడలేదు. నీకు మాత్రం వినపడాలి.”

ఇంతేనండీ, ఉంటాను. ఈ కథని మీ దగ్గరే ఉంచుకోకండి. ఇంట్లో గ్రూపులకీ, ఆఫీసు గ్రూపులకీ పంపండి, మగవాళ్ళకి మరీ ముందు పంపండి. విని ఎవరైనా ‘ఇందులో ఏముంది, మామూలుగానే ఉంది కదా’ అన్నారనుకోండి, వాళ్ళకి ఇంకోసారి పంపండి.